మూత తీసిన జామ్ సీసా బయట ఉంటే ఏమవుతుంది?

సూపర్ మార్కెట్లో జామ్ సీసాలు బిస్కెట్ల పక్కన మామూలు అరలోనే ఉంటాయి. అదే సీసా ఇంటికొచ్చి మూత తీశాక చూస్తే, లేబుల్ మీద చిన్న అక్షరాల్లో "తెరిచిన తర్వాత ఫ్రిజ్‌లో ఉంచండి" అని కనిపిస్తుంది. నిన్నటిదాకా నెలల తరబడి బయట ఉన్నది ఇవాళ్టి నుంచి బయట ఉంటే చెడిపోతుందా? ఇంట్లో పెద్దవాళ్ళేమో "మా రోజుల్లో ఫ్రిజ్ ఎక్కడిది, పాకం సరిగ్గా పడితే ఏడాదైనా నిలవుంటుంది" అంటారు. రాత్రంతా డైనింగ్ టేబుల్ మీదే ఉండిపోయిన సీసా చూసి పొద్దున్నే కోడలు టెన్షన్ పడుతుంది. వాట్సాప్‌లో ఎవరో పంపిన మెసేజ్‌లో మాత్రం బయట ఉంచిన జామ్ విషమని ఖాయంగా రాసి ఉంటుంది.

మెసేజ్ సంగతి వదిలేద్దాం. పెద్దవాళ్ళ మాటలోనూ, కోడలి భయంలోనూ నిజం ఉంది, కాకపోతే ఇద్దరూ వేర్వేరు జామ్‌ల గురించి మాట్లాడుతున్నారు. జామ్ అనే ఒక్క పేరు కింద ఇప్పుడు నాలుగైదు రకాల పదార్థాలు అమ్ముడవుతున్నాయి. వాటిలో కొన్ని బయట వారాల తరబడి బాగానే ఉంటాయి, కొన్నింటిని పెరుగులా చూసుకోవాలి.

పాడవడం వేరు, హాని చేయడం వేరు

ముందు ఈ రెండింటినీ విడదీయకపోతే మిగతాదంతా గందరగోళమే. పాడవడం అంటే రంగు తగ్గడం, అంచుల్లో నీరూరడం, పులిసిన వాసన, పైన బూజు. ఇవన్నీ కంటికో ముక్కుకో తెలుస్తాయి. హాని అంటే సాల్మొనెల్లా, స్టెఫైలోకాకస్ లాంటి బ్యాక్టీరియా పెరిగి వాంతులు, విరేచనాలు తెప్పించడం. వీటితో చిక్కేమిటంటే, చాలాసార్లు వాసనలోనూ రుచిలోనూ ఏ తేడా ఉండదు. వండిన అన్నం, చికెన్ కూర, పాలు గంటల తరబడి బయట ఉంటే భయపడేది అందుకే, అవి పాడైనట్టు కనిపించకముందే ప్రమాదకరం కావచ్చు.

మామూలు చక్కెర జామ్ విషయంలో వరస తలకిందులు. దాంట్లో ఒంటికి హాని చేసే బ్యాక్టీరియా పెరగడం చాలా కష్టం, బూజు, ఈస్ట్ పెరగడం అంతకంటే తేలిక. అందుకే అది ముందు కంటికి పాడైనట్టు కనిపిస్తుంది. వండిన ఆహారం రెండు గంటలకు మించి బయట ఉండకూడదన్న లెక్క జామ్‌కి వర్తించకపోవడానికి కారణం ఇదే.

నీళ్ళున్నాయి, కానీ సూక్ష్మజీవికి దక్కవు

ఏ సూక్ష్మజీవికైనా బతకడానికి నీళ్ళు కావాలి. జామ్‌లో నీళ్ళు లేకపోలేదు, బరువులో మూడోవంతు దాకా నీళ్ళే. కానీ ఆ నీళ్ళను చక్కెర పట్టుకుని కూర్చుంటుంది. ఆవకాయలో ఉప్పు చేసే పనే ఇక్కడ చక్కెర చేస్తుంది. పైగా అంత చిక్కటి పాకంలో పడ్డ బ్యాక్టీరియా కణంలోంచే నీళ్ళను చక్కెర బయటికి లాగేసుకుంటుంది, దాంతో కణం ముడుచుకుపోతుంది.

ఒక పదార్థంలో సూక్ష్మజీవులకు అందుబాటులో ఉన్న నీటిని వాటర్ యాక్టివిటీ అనే కొలతతో చెప్తారు. స్వచ్ఛమైన నీటికి అది 1. తాజా పండ్లకు 0.97 పైనే ఉంటుంది. సరిగ్గా ఉడికిన చక్కెర జామ్‌లో 0.8 చుట్టుపక్కల, ఎక్కువగా 0.85 లోపే ఉంటుంది. ఇప్పుడు అవతలి పక్షం చూడండి: సాల్మొనెల్లాకు 0.94 దాకా కావాలి, చాలా బ్యాక్టీరియాకు 0.91 కంటే తక్కువైతే కుదరదు, హాని చేసేవాటిలో అన్నింటికంటే మొండిదైన స్టెఫైలోకాకస్ కూడా 0.86 దగ్గర ఆగిపోతుంది. అంటే జామ్ వీటన్నింటి గీత కింద ఉంది.

బూజు మాత్రం ఆ గీతను లెక్కచేయదు. మామూలు బూజులు 0.8 దగ్గర కూడా పెరుగుతాయి, పొడి వాతావరణానికి అలవాటు పడ్డ కొన్ని బూజులు, పాకంలోనే బతకడం నేర్చుకున్న కొన్ని ఈస్టులు 0.65 కిందికి కూడా వెళ్ళగలవు. సీసా తీయగానే సారా వాసన, లోపల చిన్న చిన్న బుడగలు, మూత తిప్పినప్పుడు బుస్‌మని గాలి రావడం, ఇవి ఈస్ట్ పని. పారేయాల్సిందే, కానీ ప్రాణం మీదికి వచ్చే సంగతి కాదు.

మన దేశంలో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్రమాణం ప్రకారం జామ్ అని అమ్మేదానిలో కరిగిన ఘనపదార్థాలు, అంటే దాదాపుగా చక్కెరలు, కనీసం 65 శాతం ఉండాలి. పండు కనీసం 45 శాతం ఉండాలి, స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీలకైతే 25 శాతం చాలు. యూరప్‌లో ఘనపదార్థాల లెక్క మామూలుగా 60 శాతం. ఈ అంకెలు రుచి కోసమే పెట్టినవి కావు, నిలవకు కూడా ఇవే పునాది.

పులుపు కాపలా కాసే చోటు

చక్కెర తర్వాత రెండో కాపలా పులుపు. జామ్ గట్టిగా సెట్ అవడానికి పండులోని పెక్టిన్‌కి పులుపు కావాలి కాబట్టి జామ్ పీహెచ్ మామూలుగా 3 నుంచి 3.5 మధ్య ఉంటుంది. పీహెచ్ తగ్గేకొద్దీ పులుపు ఎక్కువని గుర్తుంచుకుంటే చాలు. ఇక్కడ ముఖ్యమైన అంకె 4.6. అంతకంటే పులుపు తగ్గి, గాలి చొరబడని సీసాలో తేమ కూడా పుష్కలంగా ఉంటే బోటులిజం అనే జబ్బు తెచ్చే క్లాస్ట్రిడియం బోటులినమ్ అనే బ్యాక్టీరియా పెరిగే వీలుంది. అది తయారుచేసే విషం నరాల మీద పనిచేస్తుంది, కొద్దిపాటిదే చాలు.

చక్కెర జామ్‌లో రెండు కాపలాలూ ఉంటాయి కాబట్టి ఆ భయం దాదాపు లేదు. కానీ పండ్లన్నీ ఒకటి కాదు. బొప్పాయి, అరటి, సపోటా, అంజీర్, పుచ్చకాయ, వీటి పీహెచ్ 4.6 దాటి ఉండొచ్చు. బాగా మగ్గిన బంగినపల్లిలో కూడా పులుపు దాదాపు పోతుంది. ఇలాంటి పండ్లతో జామ్ చేసేటప్పుడు నిమ్మరసమో సిట్రిక్ యాసిడో కలపమనేది రుచి కోసమేనని చాలామంది అనుకుని మానేస్తారు. అది మానేసి, పైగా చక్కెర కూడా తగ్గిస్తే ఇద్దరు కాపలావాళ్ళనూ ఇంటికి పంపినట్టే.

మూత తీసిన క్షణంలో మారేది

ఫ్యాక్టరీలో జామ్‌ని వేడివేడిగా సీసాలో నింపి మూత బిగిస్తారు. ఆ వేడికి సీసా లోపలి సూక్ష్మజీవులు చాలావరకు చస్తాయి, చల్లారేటప్పుడు లోపల వాక్యూమ్ ఏర్పడి మూత మధ్యభాగం కిందికి లాక్కుంటుంది. మొదటిసారి తీసినప్పుడు "టక్" మని వచ్చే శబ్దం ఆ వాక్యూమ్ విడిపోవడమే. అంటే అప్పటిదాకా సీసాలో పెరగడానికి దాదాపు ఎవరూ లేరు, పీల్చడానికి గాలీ పెద్దగా లేదు. మూత తీశాక రెండూ లోపలికి వస్తాయి. లేబుల్ మీదున్న ఎక్స్‌పైరీ తేదీ మూత తీయని సీసాకే. తీసిన రోజు నుంచి ఆ తేదీని నమ్ముకోవడంలో అర్థం లేదు.

గాలిలో ఎగిరే బూజు బీజాల కంటే మనం చేతులారా లోపలికి పంపేవే ఎక్కువ: చెంచాకంటిన బ్రెడ్ పొడి, నాకిన చెంచా, కడిగి తుడవని తడి చెంచా. ఈ తడి చెంచాకి చిన్న లెక్క ఉంది. జామ్‌లో చక్కెరలు 68 శాతం అనుకుందాం. చెంచాతో ఒక మిల్లీలీటరు నీళ్ళు, అంటే ఇరవై చుక్కలు, పైపొరలోని 5 గ్రాముల జామ్ మీద పడ్డాయి. ఆ 5 గ్రాముల్లో చక్కెర 3.4 గ్రాములు. ఇప్పుడు మొత్తం 6 గ్రాములైంది కాబట్టి ఆ పొరలో చక్కెర 57 శాతానికి దిగింది. సీసాలో మిగతా జామ్ అంతా భద్రంగానే ఉంది, ఆ రూపాయి బిళ్ళంత చోటు మాత్రం బూజుకి అనువుగా మారింది. జామ్ మీద బూజు ఒకేచోట గుండ్రటి మచ్చలా మొదలవడం మీరూ చూసే ఉంటారు.

మూత అడుగున పట్టే చెమట కూడా ఇదే పని చేస్తుంది. వేడి జామ్‌ని నింపి వెంటనే మూత పెట్టి ఇంట్లో చల్లారనిచ్చినా, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాని మూత తీసి గంటసేపు ఉక్కపోతలో ఉంచి మళ్ళీ మూసినా, లోపల ఆవిరి చుక్కలుగా మారి పైపొర మీదికి జారుతుంది. అందుకే రోజూ ఫ్రిజ్‌లోంచి తీసి గంటలకొద్దీ బయట పెట్టి మళ్ళీ లోపల పెట్టే సీసాకి దక్కే లాభం అనుకున్నంత ఉండదు. హోటల్లో ఇచ్చే 15 గ్రాముల బుల్లి ప్యాకెట్లకి ఈ గొడవే లేదు, తెరిచాక మిగిలేదేమీ ఉండదు.

షుగర్ ఫ్రీ అని రాసి ఉంటే లెక్క మారిపోతుంది

మన ఇళ్ళల్లో షుగర్ ఉన్నవాళ్ళ కోసం కొనే జామ్‌లు, "నో యాడెడ్ షుగర్" ఫ్రూట్ స్ప్రెడ్‌లు, యూట్యూబ్ చూసి చేసుకునే చియా గింజల జామ్, ఇవన్నీ చూడ్డానికి జామ్‌లాగే ఉంటాయి. చిక్కదనం మాత్రం పెక్టిన్‌దో చియాదో. తీపి సుక్రలోజ్ అనే కృత్రిమ తీపి పదార్థానిదైతే దాన్ని మిల్లీగ్రాముల్లో వేస్తారు, నీళ్ళను పట్టి ఉంచేంత పరిమాణం దానికి లేదు. కాబట్టి అందులోని నీళ్ళు సూక్ష్మజీవులకు చాలావరకు అందుబాటులోనే ఉంటాయి. రక్షణ అంతా పులుపు మీద, కంపెనీ వేసిన ప్రిజర్వేటివ్ మీద, ఫ్రిజ్ మీద ఆధారపడి ఉంటుంది. లేబుల్ మీద ప్రిజర్వేటివ్‌లను ఐఎన్ఎస్ అనే కోడ్ నంబర్లతో రాస్తారు: ఐఎన్ఎస్ 202 అంటే పొటాషియం సార్బేట్, ఐఎన్ఎస్ 211 అంటే సోడియం బెంజోయేట్. రెండూ బూజునీ ఈస్ట్‌నీ అణచివేసేవే, పులుపు ఉన్నచోటే బాగా పనిచేస్తాయి.

ఇలాంటి సీసా రాత్రంతా బయట ఉండిపోతే వెంటనే విషమైపోదు గానీ, దాన్ని చక్కెర జామ్‌తో సమానంగా చూడకూడదు. ఇంట్లో చేసిన చియా జామ్‌కైతే ప్రిజర్వేటివ్ కూడా ఉండదు. అది పండు గుజ్జు కిందే లెక్క, ఫ్రిజ్‌లో కూడా కొద్దిరోజులే. ఆరోగ్యం కోసమని మార్చుకున్న సరుకుకి పాత అలవాటునే కొనసాగించడం దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటున్నారని నాకనిపిస్తుంది.

ఇంట్లో చేసిన మామిడి జామ్: పొయ్యి ఎప్పుడు కట్టేశారన్నదే ప్రశ్న

ఇంటి జామ్ నిలవుంటుందా అన్నదానికి జవాబు వంట ఆపిన క్షణంలో ఉంటుంది. ఒక కిలో మామిడి గుజ్జు తీసుకుందాం, అందులో సహజంగా ఉండే ఘనపదార్థాలు 15 శాతం అనుకుంటే 150 గ్రాములు. దానికి 750 గ్రాముల చక్కెర వేశారు. మొత్తం ఘనపదార్థాలు 900 గ్రాములు, గిన్నెలో బరువు 1,750 గ్రాములు. 65 శాతానికి రావాలంటే ఆ 900 గ్రాములు మొత్తంలో 65 శాతం కావాలి, అంటే గిన్నెలో చివరికి 1,385 గ్రాములు మిగలాలి. 365 గ్రాముల నీళ్ళు ఆవిరైపోవాలన్నమాట. చేతులు నొప్పెట్టి 1,600 గ్రాముల దగ్గరే దించేస్తే 56 శాతమే. చల్లారాక అదీ గట్టిగానే కనిపిస్తుంది, తీయగానే ఉంటుంది, నిలవ మాత్రం ఉండదు.

థర్మామీటర్ ఉంటే ఇదంతా తూకం లేకుండానే తెలుస్తుంది. నీళ్ళు మరిగే వేడికంటే 4 నుంచి 5 డిగ్రీలు ఎక్కువకు చేరితే జామ్ అయినట్టు. విశాఖలో అది సుమారు 105. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి అక్కడ నీళ్ళే 98 దగ్గర మరుగుతాయి, జామ్ 103 దగ్గరే అయిపోతుంది, 105 కోసం ఎదురుచూస్తే ముదిరిపోతుంది.

చక్కెర సగానికి తగ్గించి 375 గ్రాములే వేస్తే? అప్పుడు ఘనపదార్థాలు 525 గ్రాములు, 65 శాతం రావాలంటే గిన్నెలో 808 గ్రాములు మిగిలేదాకా మరిగించాలి. సాధ్యమే, కానీ రంగు నల్లబడి, అడుగంటి, అది జామ్ కంటే మామిడి తాండ్రకి దగ్గరవుతుంది. పెద్దవాళ్ళు పాకం ముదరాలి అన్నది ఈ 65 గురించే, అంకె చెప్పలేదంతే.

బూజు తీసేసి తినొచ్చా?

2019 ఫిబ్రవరిలో, అప్పటి బ్రిటన్ ప్రధాని థెరిసా మే జామ్ మీద బూజు వస్తే పైది గీకేసి కింది జామ్ తింటానని కేబినెట్ మీటింగ్‌లో చెప్పారని అక్కడి పత్రికలు రాశాయి. ఆహారం వృథా గురించి చర్చ జరుగుతుంటే వచ్చిన మాట అది. దాని మీద కొన్నాళ్ళు గట్టి వాదనే నడిచింది.

తినొచ్చనే పక్షం వాదన తీసిపారేసేది కాదు. బూజు పెరగడానికి కావలసిన తేమ కంటే, అది విషం తయారుచేయడానికి మామూలుగా ఎక్కువ తేమ కావాలి. చిక్కటి పాకంలో బూజు బతుకుతుంది గానీ విషం తయారుచేసేంత తీరిక దానికి దొరకడం అరుదు. తరాలుగా గీకేసి తిన్న కుటుంబాలు బోలెడున్నాయి.

వద్దనే పక్షంలో అమెరికా వ్యవసాయ శాఖ ఉంది, జామ్ మీద బూజు వస్తే సీసా మొత్తం పారేయమనే చెప్తుంది. కారణం రెండు ముక్కలు. గట్టి చీజ్‌లోలా కాకుండా మెత్తటి జామ్‌లో బూజు దారాలు కంటికి కనిపించకుండా కిందికి దిగుతాయి, తయారైన విషమేదైనా ఉంటే అదీ ద్రవంలో వ్యాపిస్తుంది. పెనిసిలియం జాతి బూజు ఒకటి ఆపిల్ మీద తయారుచేసే పాట్యులిన్ అనే విషానికి ఆపిల్ జ్యూస్‌లో పరిమితి పెట్టింది కూడా అందుకే. మచ్చ ఉన్నచోట జామ్ ముందే పలచబడి ఉండొచ్చన్న సంగతీ ఇక్కడ గుర్తు తెచ్చుకోవాలి, ఇందాకటి తడి చెంచా లెక్క.

నా మట్టుకు రెండో పక్షం వైపే మొగ్గుతాను, ముఖ్యంగా చక్కెర తక్కువ జామ్‌లో, పిల్లలు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు ఉన్న ఇంట్లో. ఇంకొకటి మన దగ్గరే ఎక్కువగా వినిపిస్తుంది, బూజు తీసేసి మళ్ళీ ఉడికిస్తే సరిపోతుందని. వేడికి బూజు చస్తుంది, అది అప్పటికే వదిలిన విషాలు చాలావరకు అలాగే ఉంటాయి. ఆ శ్రమకి ఫలితం లేదు.

ఫ్రిజ్‌లో పెట్టమనే దేశమే కరెంటు పోతే ఉంచుకోమంటుంది

జామ్ తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టమనే సలహా, ముఖ్యంగా ఇంటి జామ్‌కి, అమెరికాలోని ఆహార నిలవ నిపుణుల దగ్గర కచ్చితంగానే ఉంది. పూర్తి చక్కెరతో చేసిన ఇంటి జామ్ అయినా తెరిచాక ఫ్రిజ్‌లో ఒక నెల బాగుంటుందని, చక్కెర తక్కువైతే ఇంకా ముందే వాడేయాలని వాళ్ళ లెక్క. అయితే ఇందాక చెప్పిన అమెరికా వ్యవసాయ శాఖ, కరెంటు పోయి ఫ్రిజ్ వేడెక్కినప్పుడు ఏవి పారేయాలో, ఏవి ఉంచుకోవచ్చో చెప్పే జాబితాలో పాలు, మాంసం పారేయమని, జెల్లీ, పచ్చళ్ళు, ఆవాల సాస్, కెచప్ ఉంచుకోమని చెప్తుంది. రెండూ కలిపి చదివితే లేబుల్ మీది మాటకి అసలు అర్థం తెలుస్తుంది: ఫ్రిజ్ జామ్ ఆయుష్షు పెంచుతుంది, కొన్ని గంటలు అది లేకపోతే మునిగిపోయేదేమీ లేదు. కంపెనీకి మీ చెంచా తడిదో పొడిదో తెలియదు, మీ ఊళ్ళో ఉక్క ఎంతో తెలియదు, అందరికీ కలిపి ఒకే మాట రాస్తుంది.

ఫ్రిజ్ వద్దనేవాళ్ళ కారణాలూ ఉన్నాయి. చల్లటి జామ్ బ్రెడ్ మీద పరుచుకోదు, చింపేస్తుంది. చలికి కొన్ని జామ్‌లలో చక్కెర పలుకులు కడుతుంది. మరోవైపు బయట ఉంచితే రంగు, వాసన త్వరగా తగ్గుతాయి, స్ట్రాబెర్రీ ఎరుపు గోధుమ రంగుకి దిగుతుంది, అది నాణ్యత సమస్యే తప్ప భద్రతది కాదు. ఇక చీమలు. మన ఇళ్ళల్లో జామ్ సీసా ఫ్రిజ్‌లోకి వెళ్ళడానికి అసలు కారణం బూజు కంటే చీమలేనేమో, నీళ్ళ పళ్ళెంలో సీసా పెట్టే ఓపిక ఇప్పుడెవరికుంది.

లండన్ అల్మరా, రాజమండ్రి అల్మరా ఒకటి కాదు

బయట ఉంచొచ్చని చెప్పే ఇంగ్లీషు సలహాల్లో చాలావరకు చల్లటి దేశాల వంటిళ్ళను బట్టి రాసినవి. లండన్‌లో అల్మరా లోపల ఏడాదిలో ఎక్కువ రోజులు 20 డిగ్రీల లోపే ఉంటుంది. అక్కడున్న మనవాళ్ళు ఫోన్‌లో "మేం బయటే పెడతాం, ఏం కాలేదు" అంటే అది నిజమే, వాళ్ళ ఇంటికి.

రాజమండ్రిలో అయితే నేను ఎండాకాలం కంటే వానాకాలానికే ఎక్కువ భయపడతాను. జామ్ మీద వచ్చే బూజులకు 25 నుంచి 30 డిగ్రీలు బాగా నచ్చే వేడి, 40 దాటితే చాలావాటికి కష్టం. జూలై నుంచి సెప్టెంబర్ దాకా ఆ వేడీ ఉంటుంది, గాలిలో తేమా ఉంటుంది, తోలు చెప్పులకి, బ్యాగులకి బూజు పట్టే రోజులే జామ్‌కీ గడ్డురోజులు. నలుగురున్న ఇంట్లో రోజూ బ్రెడ్ తిని 200 గ్రాముల చక్కెర జామ్‌ని వారంలో పొడి చెంచాతో ఖాళీ చేస్తే ఏ కాలంలోనైనా అది బయట ఉన్నా పెద్ద తేడా రాదు. ఒక్కరే ఉంటూ, ఎప్పుడో ఆదివారం గుర్తొచ్చి తీసే అరకిలో సీసాకి అదే మాట చెప్పలేం. సగం ఖాళీ అయిన సీసాలో గాలి ఎక్కువ, మూత తీసిన సార్లు ఎక్కువ, గడిచిన రోజులూ ఎక్కువ.

పిల్లల టిఫిన్ బాక్స్ గురించి కూడా అడుగుతుంటారు. పొద్దున ఏడున్నరకి కట్టిన జామ్ బ్రెడ్ మధ్యాహ్నం లంచ్ దాకా బయట ఉంటే జామ్‌కి ఏమీ కాదు, మహా అయితే బ్రెడ్ నానుతుంది. అదే బ్రెడ్‌లో జామ్‌తోపాటు మీగడో పనీరో పెట్టినా, పక్కన ఉడికించిన గుడ్డు ఉన్నా, ఎంతసేపు బయట ఉండొచ్చన్నది వాటిని బట్టే లెక్కేయాలి.